ఒండ్రు పొరల కింద

"నువ్వు పక్కన ఉంటే జెర ధైర్యంగ ఉంటది అక్కా," అంటూ కంపెనీ గేటు దగ్గర సిల్వియా సుకుమారి చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి విడిపించుకోవాలనిపించింది సుకుమారికి. విడిపించుకోలేదు.

మంగళవారం పొద్దున ఈ గేటు లోపలే, తను పనిచేసే చోటే, సిల్వియా భర్త రాబిన్ నీళ్ల ట్యాంకులో శవమై తేలాడు. బుధవారం సమాధి చేశారు. మట్టి వేసి చేతులు దులుపుకుంటున్న జనంలోంచి సిల్వియా నేరుగా సుకుమారి దగ్గరికే వచ్చింది. పటాన్‌చెరు చర్చిలో తన వెనక బెంచీలో కూర్చునే అక్క ఒకప్పుడు పోలీసు అనీ, ఉద్యోగం వదిలేసి ఇస్నాపూర్‌లో ఆఫీసు పెట్టుకుని ఆరాలు తీస్తుందనీ ఆమెకు తెలుసు. "ఆయన జారి పడే మనిషి కాదక్కా. ఏం జరిగిందో నువ్వే తేల్చాలె," అని అడిగింది. సుకుమారి సరేనంది. చెప్పవలసిన మాట మాత్రం చెప్పలేదు.

రాబిన్ చనిపోయేముందు రెండు వారాలు అతని వెనక నీడలా తిరిగింది సుకుమారే.

ఆ పని అప్పగించింది ఇదే కంపెనీ మేనేజరు ఆకాష్. సముద్రం ఛాయలైనా లేని పటాన్‌చెరులో సముద్రపు అడుగును చదివే కంపెనీ ఇది. పేరు సింధుతల్ సర్వేస్. కాకినాడ అవతల తీరం దాటాక నేల ఒక్కసారిగా లోతుకు వాలుతుంది. ఆ వాలు మీద ఓడ నడుస్తూ నీళ్లలోకి గాలిని పేల్చి చప్పుడు పంపిస్తే, అది అడుగున పేరుకున్న ఒండ్రు పొరలకు ఒక్కొక్కదానికీ తగిలి తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వనుల్ని ఇక్కడ కూర్చుని బొమ్మలుగా మారుస్తారు. గ్యాస్ బావి ఎక్కడ తవ్వొచ్చో, ఎక్కడ తవ్వకూడదో ఆ బొమ్మలే చెబుతాయి. "మా డాటా బయటికి పోతున్నది మేడం. రాబిన్ ఎవరికిస్తున్నడో పట్టియ్యండి," అన్నాడు ఆకాష్.

సుకుమారి పట్టించింది. టీ హోటల్లో రాబిన్ ఒక అమ్మాయితో మాట్లాడుతుంటే ఫొటో తీసింది. ఆ అమ్మాయి పేరు ప్రియ అనీ, సర్వే ఓడ మీద రికార్డింగులు చూసే ఉద్యోగం అనీ, ఇస్నాపూర్‌లో ఫలానా ఇంట్లో కిరాయికి ఉంటుందనీ వివరాలన్నీ ఆకాష్‌కు పంపింది. ఆ రోజు రాబిన్ తనను గుర్తుపట్టాడు. ప్రియ వెళ్లిపోయాక తన టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "అక్కా, మీరు ఎవరి కోసం తిరుగుతున్నరో నాకు తెల్వది. నేను దొంగతనం చేస్తలేను. ఒక్క పది నిమిషాలు ఇనండి, అంతా చెప్త," అన్నాడు.

"నాకు పనుంది తమ్మీ," అని లేచి వచ్చేసింది సుకుమారి.

ఆ మాటే ఇప్పుడు నిద్రలో కూడా వినిపిస్తోంది.

* * *

ఆకాష్ గదిలో ఏసీ చల్లగా ఉంది. సిల్వియాకు మంచినీళ్లు తెప్పించి, రాబిన్ సామాన్లు తీసుకోవడానికి ఆమెను పక్క గదికి పంపాడు. తలుపు పడగానే సుకుమారి మొదలుపెట్టింది.

"మంగళవారం మీరు ఎన్నింటికి వచ్చిన్రు?"

"తొమ్మిదింటికి. గేటు కెమెరాల చూస్కోండి."

"రాబిన్?"

"ఆరు దాటంగనే వచ్చిండు. ఓడకు పంపే సౌండర్, అదే నీళ్లల్ల చప్పుడు చేసే మిషన్, టెస్ట్ చేద్దామని ఒక్కడే ట్యాంకు షెడ్డుకు పోయిండు. పైన ఇనుప నడవ తడిగుండె. జారిండు. తల రెయిలింగుకు తగిలింది. స్పృహ లేకనే నీళ్లల్ల పడ్డడు."

"దగ్గరుండి చూసినట్టే చెప్తున్నరు."

"పోలీసులు చెప్పిందే నేను చెప్తున్న మేడం." ఆకాష్ ముఖం మారలేదు. "ఎనిమిదింటికి ఊడ్వనీకె పోయిన రాజవ్వ చూసి మొత్తుకుంది. అప్పటికి నేను కంపెనీల లేనే లేను."

"సరే, తొమ్మిదికి ముందు మీరు మెయిన్ గేటు కెమెరాల లేరు. వెనక లారీల గేటుకు కెమెరా ఉందా?"

ఆకాష్ పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. "ఆ గేటుకు తాళం ఉంటది."

"తాళంచెవి?"

"ఆఫీసుల."

"అంటే మీ దగ్గర. రాబిన్ ఫోన్ ఏమైంది?"

"నాకేం ఎరుక? లోడింగుకు వచ్చే పోరగాళ్లు సవాలక్ష మంది. ఎవడో కొట్టేసి ఉంటడు." అతను ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట అడగొచ్చా మేడం? మన పరిచయం సంగతి సిల్వియా గారికి చెప్పిన్రా?"

సుకుమారి పక్క గది తలుపు వైపు చూసింది.

"చెప్పలేదన్నట్టు. చెప్పకుంటనే మంచిది. మీరు పంపిన ఫొటో చూయించే నేను రాబిన్‌ను నిలదీసిన. ఆ మనాదితోనే పొద్దుగాల పనిల ధ్యాస లేక జారిండేమో. గట్ల చూస్తే ఈ పాపంల మీకూ పాలుంది. సామాన్లు ముట్టినయని సంతకం పెట్టి తీస్కపోండి. ఆమెకు ఉన్న దుఃఖం చాలదా?"

చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినవాడి మీద కంటే, ఆ మాట నిజమైనందుకు తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. బెదిరింపులు సుకుమారికి కొత్త కాదు. కానీ తను చేసిన తప్పునే తన మెడకు తాడుగా వేసి లాగినవాడు ఇప్పటిదాకా ఎవడూ లేడు.

"షెడ్డు చూసి సంతకం పెడత," అంటూ లేచింది.

* * *

షెడ్డులో ఇద్దరు మనుషులు లావాటి గొట్టాన్ని పంపుకు బిగిస్తున్నారు. బయట వెనక గేటు దగ్గర ఖాళీ టిప్పరు నిలబడి ఉంది.

"క్యా కర్ రహే భాయ్?" అని అడిగింది సుకుమారి.

"పానీ నికాల్నా హై మేడం. బాద్ మే మిట్టీ భీ. సాబ్ బోలే ఆజ్ హీ హోనా." నీళ్లూ, ఆ తర్వాత అడుగు మట్టీ ఈ రోజే తీసెయ్యాలని ఆకాష్ చెప్పాడట.

ట్యాంకు నేలలోకి రెండు అంతస్తుల లోతున ఉంది. మీద ఇనుప నడవ. నీళ్లు తేటగానే ఉన్నాయి గానీ అడుగు నల్లగా కనిపిస్తోంది. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి వీళ్లను చూసి లేచి నిలబడింది. భవ్యశ్రీ. రాబిన్ కింద పనిచేసేది. సిల్వియాను చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

సామాన్ల అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని సిల్వియా స్టూలు మీద కూలబడింది. సుకుమారి నడవ ఎక్కి అటూ ఇటూ నడిచింది. కాలి కింద గరుకు రేకు. తడి ఉన్నా జారేది కాదు. రెయిలింగు నడుం ఎత్తున ఉంది. వెనక్కి తూలినా పట్టుకోవడానికి చాలు.

"భవ్యా, సౌండర్ టెస్ట్ చెయ్యాలంటే ఎట్ల చేస్తరు?" పైనుంచే అడిగింది.

"ఒకరు అక్కడ నిలబడి సౌండర్‌ను నీళ్లల్లకు దించాలె మేడం. ఇంకొకరు ఇక్కడ తెర చూడాలె."

"ఒక్కరే చెయ్యరా?"

"ఒక్కరితోని కాదు. రాబిన్ సార్ ఎప్పుడూ నన్ను పిలిచేది. మంగళవారం పిలవలేదు." ఆ పిల్ల తెర వైపు చూపించింది. "నేను వచ్చే వరకు తెర మీద గుడ్డ కప్పే ఉంది. సౌండర్ పెట్టెలనే ఉంది. టెస్టే కాలేదు మేడం."

"పోలీసులకు చెప్పినవా?"

"అడగలేదు."

"అడుగుడు మాకు చేతకాక కాదు," అన్న గొంతు గుమ్మం దగ్గర వినిపించింది.

ఇన్‌స్పెక్టర్ విఘ్నేశ్వర్. సుకుమారితో పాటే ట్రైనింగ్ చేసి, ఒకే స్టేషన్‌లో ఆమెతో పోటీపడి, ఆమె ఉద్యోగం వదిలిన రోజున స్వీట్లు పంచాడని పేరు తెచ్చుకున్నవాడు. వెనకే ఆకాష్.

"ఏంది సుకుమారీ, నేను మూసిన కేసు తెరవనీకె వచ్చినవా? డాక్టరు తల మీద దెబ్బ అన్నడు, ఊపిరితిత్తులల్ల నీళ్లు అన్నడు. ప్రమాదం. పంచనామా అయిపోయింది."

"పంచనామాల ఫోన్ ఉందా?"

"లేదు."

"ఆఖరి సిగ్నల్ యాడుంది?"

విఘ్నేశ్వర్ చేత్తో నేల చూపించాడు. "మంగళవారం పొద్దుగాల, ఇక్కడ్నే. ఈ కంపెనీలనే. మనిషిని ట్యాంకుల దింపి చూయించిన. అడుగున ఏం లేదు. మట్టి చదునుగుంది."

"మట్టి మీద చూసినవు. మట్టి లోపల?"

"లోపల చూసుడు నా తరం కాదు. నీకు దివ్యదృష్టి గిట్ల ఉంటే చూడు."

"నాకు లేదు. ఈ పిల్ల దగ్గరుంది." భవ్యశ్రీ వైపు తిరిగింది. "సముద్రం అడుగున మట్టి కింద ఏముందో చెప్పే మిషన్ ఈ ట్యాంకుల మట్టి కింద ఏముందో చెప్పదా?"

భవ్యశ్రీ నోరు తెరిచేలోగా ఆకాష్ అడ్డొచ్చాడు. "కాదు, కాదు. అది క్లయింటు మిషన్. ముట్టుకోవద్దు. సార్, ఇప్పటికే ఆలస్యమైంది, నీళ్లు తీసే పని నడవాలె. మీరు జెర వీళ్లను బయటికి పంపండి."

ఆ ఆఖరి మాట తప్పు మనిషితో అన్నాడు. విఘ్నేశ్వర్‌కు సుకుమారి అంటే పడదు. కానీ తనకు పని పురమాయించే వాడంటే ఇంకా పడదు.

"ఎవర్ని పంపాలె, ఎవర్ని ఉంచాలె నువ్వు చెప్తవా నాకు?" అన్నాడు మెల్లగా. "మనిషి చచ్చిన జాగ ఇది. పంపు బంద్ చెయ్యిరి! అమ్మా, పెట్టు నీ మిషన్. సుకుమారీ, ఏం దొరకకుంటే ఇంకోసారి నా కేసులల్ల వేలు పెట్టొద్దు."

"పెట్టను."

ఆకాష్ జేబులో ఫోన్ మోగింది. దాన్ని చెవికి ఆనించుకుంటూ బయటికి నడిచాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

* * *

సుకుమారి నడవ మీద తాడు పట్టుకుని సౌండర్‌ను నీళ్లలోకి దించింది. తలకాయంత పసుపు డబ్బా. టక్, టక్ మని చిన్న చప్పుడు చేస్తూ ఉంటే దాన్ని మెల్లగా ఒక చివర నుంచి రెండో చివరకు లాక్కుపోయింది. తెర మీద అడ్డగీతలు ఒకదాని కింద ఒకటి పడసాగాయి.

"పైన ఉన్నయి నీళ్లు," భవ్యశ్రీ విఘ్నేశ్వర్‌కు వేలితో చూపించింది. "ఈ మొదటి గీత బంకమట్టి. కాకినాడ నుంచి తెప్పించి పరిచినం, సముద్రం అడుగున ఎట్లుంటదో అట్లనే. దాని కింద ఇసుక. ఆ కింద గట్టి గీత, కాంక్రీటు. దానికదే పేరుకున్న మట్టి గిట్ల సాపలు పరిచినట్టు ఉంటది సార్."

"చదునుగనే ఉంది గద."

"చూడండి. మేడం, ఇంక జెర ఎడమకు… ఆగండి! ఆడ్నే ఆగండి!"

మీది గీత చదునుగానే ఉంది. దాని కింద మాత్రం గీతలన్నీ తెగి, చెదిరి, నూతిలా కిందికి దిగాయి. ఆ నూతి అడుగున, ఇసుక మీద, తెల్లగా మెరుస్తూ చిన్న మచ్చ.

"బరువైంది ఏదో పడి మట్టిల దిగింది. మెత్తటి మట్టి మీద మళ్లీ మూసుకుంది. కంటికి కనవడది," అంది భవ్యశ్రీ. ఇక దాచలేనట్టు గబగబా చెప్పేసింది. "రాబిన్ సార్ సముద్రంల పట్టుకున్నది గూడ గిసొంటిదే సార్. చాన పెద్దది. వాలు మీద ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లంత ఒండ్రు జారిపోయిన జాగ. కింద మెత్తటి పొర ఇంకా అట్లనే ఉంది. దాని మీద బావి తవ్వితే మళ్లీ జారుతది. పైన ప్లాట్‌ఫామ్ మీద పనిచేసేటోళ్లు ఎవ్వరూ మిగలరు. రిపోర్టుల ఆ ముక్క తీసేసి పక్క ముక్కను రెండోసారి అతికిచ్చిన్రు. సార్ అది పట్టుకున్నడు. అసలు రికార్డింగు ఓడ మీద ప్రియ దగ్గరుంది. దాని కోసమే సార్ ఆమెను కలిసిండు."

సుకుమారి సౌండర్‌ను పైకి లాగి నడవ దిగింది. ఒక్క పది నిమిషాలు ఇనండి, అన్నాడు. చెప్పాలనుకున్నది ఇదన్నమాట. ముక్కూ మొహం తెలియని మనుషుల ప్రాణాల కోసం తిరుగుతున్నవాణ్ని తను దొంగగా చూపించింది.

అడుగు మట్టి తీసే రెండు దవడల ఇనుప పంజాను గొలుసు మీద దించారు. మొదటిసారి వట్టి మట్టే వచ్చింది. రెండోసారి గొలుసు బరువుగా కదిలింది. పైకి తీసిన నల్లటి ముద్ద మీద విఘ్నేశ్వర్ స్వయంగా పైపుతో నీళ్లు కొట్టాడు. మట్టి కరిగిపోయి ముందు ఇనుము బయటపడింది. ఓడల్లో గొలుసులు కలిపే లావాటి షాకిల్. దానికి నల్లటి ప్లాస్టిక్ టైలతో గట్టిగా బిగించిన ఫోన్.

ఫోన్ వెనక పసుపుపచ్చ బాతు స్టిక్కరు.

"మా పాప పెట్టింది," అంది సిల్వియా. అట్టపెట్టె ఒళ్లోంచి జారిపోయినా చూసుకోలేదు.

విఘ్నేశ్వర్ రుమాలుతో ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "జారి పడేటోడు ఫోన్‌కు ఇనుము కట్టుకుని జారడు," అన్నాడు చివరికి. ఆ మాట అనడం అతనికి ఎంత కష్టమైందో సుకుమారికి తెలుసు. "నేనే తప్పు చూసిన. యాడ ఆ మేనేజరు?"

కానిస్టేబుల్ పరుగున వెళ్లి పరుగున వచ్చాడు. ఆకాష్ గదిలో లేడు. వెనక గేటు బార్లా తెరిచి ఉంది. కారు లేదు.

"దీంట్ల సిమ్ లేదు విఘ్నేశ్వర్," అంది సుకుమారి. ఫోన్ పక్కన సిమ్ పెట్టే అర ఖాళీగా వేలాడుతోంది. "ఫోన్ ముంచిండు, నంబరు మాత్రం ఉంచుకున్నడు. చచ్చినోని నంబరుతోని ఇంకా వానికి ఏం పని?"

భవ్యశ్రీ బ్యాగులోంచి తన ఫోన్ తీసింది. తెర చూసి అందరి వైపూ తిప్పింది.

ప్రియ మెసేజ్. చాలాసేపటి కిందే వచ్చింది. ఓడ దిగిన. లింగంపల్లిల ట్రెయిన్ దిగిన. రాబిన్ అన్న కారు పంపిండు, రికార్డింగు తీస్కొని వస్తున్న.

"ఆమెకు తెల్వది మేడం! రాబిన్ సార్ పోయిండని తెల్వది! ఓడ మీద సిగ్నల్ రాదు. నిన్న అంతా చేసిన, కలవలేదు!"

"ఇప్పుడు చెయ్యి. స్పీకర్ల పెట్టు."

రెండో రింగుకే ఎత్తింది. వెనక కారు చప్పుడు. "చెప్పు భవ్యా." సుకుమారి ఫోన్ అందుకుంది.

"ప్రియా, నేను సుకుమారి, డిటెక్టివ్‌ను. ఇను, నువ్వు వెంటనే కారు ఆపిచ్చి దిగిపో. అది రాబిన్ పంపిన కారు కాదు."

ప్రియ గొంతు గట్టిపడింది. "మీ గురించి రాబిన్ అన్న ఇప్పుడే మెసేజ్ పెట్టిండు. సుకుమారి అని ఒకామె ఫోన్ చేస్తది, నమ్మొద్దు, మన వెనక తిరిగింది ఆమెనే అని. ఫొటో గూడ పంపిండు. టీ హోటల్ల మాది. ఆ ఫొటో మీరే తీసిన్రా?"

షెడ్డులో అందరూ ఆమె వైపే చూశారు. అబద్ధం చెప్పొచ్చు. అబద్ధం చెబితే సిల్వియా ముందు మాత్రం నిలబడగలదు, ఫోన్లో ఉన్న పిల్ల ఎలాగూ నమ్మదు.

"నేనే తీసిన," అంది సుకుమారి. "ఆకాష్ చెప్తే రాబిన్ వెనక తిరిగిన. నీ ఇల్లు చూపిచ్చింది గూడ నేనే. నేను చేసిన తప్పుతోనే ఆయన ప్రాణం పోయింది. నీది పోవద్దు బిడ్డా. దిగు."

"మీరు చెప్పేది నేనెట్ల నమ్మాలె? పెట్టేస్తున్న."

సుకుమారి చేతిలోంచి ఫోన్ ఎవరో లాక్కున్నారు. సిల్వియా. ఆమె ముఖంలో రక్తం లేదు. సుకుమారి వైపు చూడనైనా చూడలేదు.

"ప్రియా, పెట్టకు. నేను సిల్వియాను. మా ఇంటికి వచ్చినవు గద, మా పాపకు గవ్వలు తెచ్చిచ్చినవు." ఊపిరి పీల్చుకుంది. "మీ అన్నను నిన్న సమాధి చేసినమమ్మా. నేనే మట్టి ఏసిన. నీకు మెసేజ్ పెడుతున్నది మీ అన్న కాదు."

అటునుంచి సన్నగా, పిల్లి కూనలా ఏడుపు.

విఘ్నేశ్వర్ అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. ఫోన్ చెవి నుంచి తీయకుండానే సిల్వియా నడిచింది. జీపు దగ్గర ఆగి మొదటిసారి సుకుమారి కళ్లలోకి చూసింది.

"ఎక్కు," అంది. "నీతోని మాట్లాడేది తర్వాత. ముందుగాల ఆ పిల్లను తెచ్చియ్యి."

జీపు కదిలింది. సిల్వియా స్పీకరు పెట్టింది. "ప్రియా, యాడున్నవో చెప్పు. మెల్లగ మాట్లాడు."

"గడ్డపోతారం దాటినమక్కా… డ్రైవరు మందుల కంపెనీల సందులకు తిప్పిండు. ఆపమంటే ఆపుతలేడు. తలుపులు లాక్ చేసిండు." గుసగుసగా ఉంది. "నీలం గేటు. పెద్ద షెడ్డు. గేటు తీస్తున్నరు."

"ఇంకెంత సేపు?" సుకుమారి అడిగింది.

విఘ్నేశ్వర్ సైరన్ వేసి, లారీల మధ్య నుంచి జీపును దూకించాడు.

ఫోన్లో కారు ఆగిన చప్పుడు వినిపించింది. తలుపు తెరిచిన చప్పుడు. కంకర మీద అడుగులు దగ్గరికొచ్చాయి. తర్వాత ఆకాష్ గొంతు, ఆఫీసులో మంచినీళ్లు ఇచ్చినప్పటి మర్యాదతోనే పలికింది.

"దిగమ్మా ప్రియా. రాబిన్ లోపల నీ కోసమే ఎదురుచూస్తున్నడు."